ముందుబడి లేని బ్యాచి

వారం 1

ఆనర్స్ మొదటి సంవత్సరానికి ఈరోజు పద్నాలుగు మంది వచ్చారు. తొమ్మిది మంది అమ్మాయిలు, అయిదుగురు అబ్బాయిలు. అందరికీ పదిహేడేళ్ళు. హాజరు తీసుకున్నాను. టోపీల మీది దీపాలు ఆపించాను. బల్లలు తడిగుడ్డతో తుడిపించాను. తుడిచిన పది నిమిషాలకు మళ్ళీ బొగ్గుపొడి పేరుకుంది.

ఈ బ్యాచి గురించి వారం వారం రాసిపెట్టమని గని సభ చెప్పింది. కొత్త నోటు పుస్తకం చేతికిస్తూ హెడ్మాస్టరు రాయమల్లు సార్ అన్నారు: "శశిరేఖా, మార్కులొక్కటే రాయకు. ఎక్కడ తడబడుతున్నరు, ఎట్ల తేరుకుంటున్నరు, అన్నీ రాయి. ఏడాది చివర్ల సభ ముందట చదవాలె."

సభ అడిగింది ఒకటే. ఎనిమిదేళ్ళ పిల్లల్లో చురుకైన వాళ్ళను ఏరి ముందుబడిలో వేసి, పెద్ద లెక్కలు ముందే నేర్పిస్తే, ఆనర్స్‌కు వచ్చేసరికి అది పనికొస్తుందా? ఇంతకుముందు నేను పాఠం చెప్పిన పదకొండు బ్యాచిల్లోనూ సగానికి పైగా ముందుబడి పిల్లలే. ఈ పద్నాలుగు మందిలో ఒక్కరూ అక్కడ చదవలేదు. వీళ్ళ ఈడు ముందుబడి పిల్లలు పదహారు మంది. తొమ్మిదేళ్ళ కిందట, ముందుబడి ఉన్న నాలుగో గ్యాలరీ సొరంగం కప్పు కూలినప్పుడు పదహారు మందీ, వాళ్ళ టీచరూ పోయారు. ఆ తర్వాత ముందుబడి మూసేశారు. ఇప్పుడు మళ్ళీ తెరవాలంటున్నారు.

ఆ పదహారు మందిలో మా అబ్బాయి హేమంత్ ఒకడు.

అన్నీ రాయమన్నారు కాబట్టి ఇది కూడా రాశాను.

వారం 2

ఈరోజు నీళ్ళ వంతు. రెండు బిందెలు పట్టుకున్నాను. నా ముందు నిలబడ్డామె, పైన నేల మీద ఎండ యాభై ఆరు డిగ్రీలట అంది. ఈసారి కూడా పుష్యమాసంలో పది రోజులే పైకి పంపిస్తారట. నేను మూడేళ్ళుగా పైకి వెళ్ళలేదు.

మొదటి పరీక్ష పెట్టాను. యాభై మార్కులకు సగటు పదిహేను. పాత బ్యాచిలకు ఇదే పరీక్షలో సగటు ఇరవై ఎనిమిది ఉండేది. గాలి తలుపు సగం మూస్తే అవతలి గ్యాలరీకి ఎంత గాలి చేరుతుందన్న లెక్కను పదకొండు మంది ముట్టుకోనే లేదు. వీళ్ళు రెండేళ్ళ తర్వాత గాలి విభాగంలో చేరాల్సిన వాళ్ళు. ఆ లెక్క తప్పితే ఎవరి ఇంట్లోనో ఊపిరి ఆడదు.

అందరికంటే తక్కువ గట్టు స్వరూపకు వచ్చింది. తొమ్మిది. వాళ్ళమ్మ పడమటి ఫ్యాను దగ్గర వడపోత గుడ్డలు ఉతుకుతుంది. కాగితం తీసుకుంటూ స్వరూప అంది: "టీచర్, మీరు లాగ్‌లు లాగ్‌లు అంటున్నరు. మాకు తెలిసిన లాగుడు బొగ్గు టబ్బులు లాగుడే."

క్లాసంతా నవ్వింది. అది నవ్వాల్సిన మాటేనని నాకూ తెలిసింది.

రాయమల్లు సార్ సగటు చూసి, "చూసినవా, ముందుబడి లేకుంటే ఎట్లున్నదో?" అన్నారు. మనిషి ముఖంలో సంతోషం కనిపించింది. మరుక్షణం సిగ్గుపడి, కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

వారం 4

ఓదెలన్న బడికి వచ్చాడు. కప్పు కింద ఆనికగా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది. నాలుగో గ్యాలరీ ఆయన వాటాలోది కాదు. అయినా ఆ మాట ఆయన ఎప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు. వాళ్ళ అమ్మాయి సుజనది మా హేమంత్ క్లాసే.

కుర్చీ వేస్తే కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు.

"టీచరమ్మా, కొత్త ముందుబడికి పదహారుగురి బడి అని పేరు పెడ్తరట. సభల మాట్లాడిన. తలుపు మీద పిల్లలందరి పేర్లు రాపిస్తం. మీ పిలగాని పేరు గూడ."

"మంచిదన్నా."

"మరి నువ్వు రాసేదాన్ని బట్టే ఉన్నదంటున్నరు గద. ముందుబడి కావాలె అని రాయి. అది లేకుంటే పిల్లలు ఎనకబడుతున్నరని రాయి."

"మార్కులు చూసి రాస్తనన్నా."

"అది అక్కెర లేని బడే అయితే, మా బిడ్డ ఊకెనే పోయినట్టయితది. నీకు ఎరుకే గద," అన్నాడు.

నాకు ఎరుకే. ఆయన వెళ్ళాక మూడో పీరియడు చెప్పాను. సంవర్గమానాలు, అదే ఆ లాగ్‌లు. ఇద్దరికి అర్థమైంది.

వారం 6

ఈ వారం మార్కులు లేవు. కాబట్టి ఇది రాస్తున్నాను. సభ ముందు చదివేటప్పుడు ఈ పేజీ వదిలేస్తాను.

ఆ ఏడు ముందుబడికి పదహారు సీట్లు. ఎంపిక పరీక్షలో హేమంత్‌ది పదిహేడో స్థానం. ఎవరో తమ పిల్లను పంపబోమని సీటు వదులుకున్నారు. ఆ సంగతి తెలిసిన పూటే నేను ఆఫీసుకు వెళ్ళాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. మూడోసారి వెళ్ళినప్పుడు వాడి పేరు జాబితాలో రాశారు. ఆనర్స్ టీచరు కొడుకు మామూలు బడిలో ఉంటే బాగుండదని అప్పుడు నాకు అనిపించింది. ఆనర్స్‌కు ఎవరొస్తారో, ఎవరు నిలుస్తారో నాకు బాగా తెలుసని కూడా అనుకున్నాను.

మా ఆయన లింగమూర్తి వద్దన్నాడు. ఒక్కసారే అన్నాడు. నేను వినలేదు.

ఈ తొమ్మిదేళ్ళలో ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. టబ్బులు లాగే హాలేజి షిఫ్టు దిగి వస్తాడు, కాళ్ళు కడుక్కుంటాడు, పుట్టగొడుగుల కూర బాగుందంటాడు. కూర ఎలా ఉన్నా బాగుందనే అంటాడు.

వారం 9

సగటు ఇరవై నాలుగు. ఈ వారానికి పాత బ్యాచిల సగటు ముప్పై.

వీళ్ళు బడి అయ్యాక ఇళ్ళకు పోవడం లేదని తెలిసింది. పడమటి ఫ్యాను దగ్గర గుడ్డలు ఉతికే చోట కూర్చుంటున్నారు. ఏం చేస్తున్నారో చూద్దామని వెళ్ళాను. స్వరూప తన తల్లి పక్కన నిలబడి ఒక మసిబట్టిన గుడ్డను, ఒక ఉతికిన గుడ్డను ఫ్యాను మూతికి మార్చి మార్చి పెడుతోంది. మిగతావాళ్ళు గాలిని కొలిచే చక్రం పట్టుకుని అంకెలు రాసుకుంటున్నారు.

"సగం మూసిన తలుపన్నా, సగం మసిబట్టిన గుడ్డన్నా ఒక్కటేరా," అని స్వరూప వాళ్ళకు చెబుతోంది. "ఫ్యాను గుంజుతనే ఉంటది, గాలి రాదు. మా అమ్మకు చెయ్యి పెడితే తెలుస్తది ఎంత తగ్గిందో. మనం గదే లెక్కల రాయాలె. అంతే."

నన్ను చూసి అందరూ లేచారు. కూర్చోమన్నాను. స్వరూప తల్లి కొంగుకు చేతులు తుడుచుకుని, "మా పిల్ల చదువుతున్నదా టీచర్?" అని అడిగింది.

"చదువుతున్నది," అన్నాను.

రాగానే దీన్ని ఇక్కడ రాశాను. వీళ్ళు తేరుకుంటున్న తీరు ఇది.

వారం 11

ఒక విషయం దాచకుండా రాయాలి.

స్వరూప కాగితం దిద్దుతున్నాను. ఏడో లెక్కలో జవాబు సరైనదే. మధ్యలో ఒక మెట్టు రాయకుండా దాటేసింది. మూడు మార్కులు కొట్టేశాను. ఆ తర్వాత ఇంకో అమ్మాయి కాగితంలో కూడా ఆ మెట్టు లేదు. అక్కడా మూడు కొట్టేశాను. అలా ఆరు కాగితాలు దిద్దాక ఆగాను. ఆ మెట్టు రాయకపోతే ఏ ఏడాదీ నేను మార్కులు కొట్టలేదు. పాత రిజిస్టర్లు తీసి చూశాను. ముందుబడి పిల్లలు అదే మెట్టు దాటేస్తే, చురుకైన పద్ధతి అని పక్కన రాసి ఉంది. నా చేతిరాతే.

కూర్చుని ఆరు కాగితాలూ మళ్ళీ దిద్దాను. కొట్టేసినవి కలిపాను. సగటు ఇరవై తొమ్మిదికి వచ్చింది. పాత బ్యాచిలది ఈ వారానికి ముప్పై ఒకటి.

ఆ పని చేసేటప్పుడు నాకు కోపం రాలేదు, బాధ కూడా లేదు. చెయ్యి దానంతట అదే కొట్టేసింది.

వారం 12

కాగితాలు ఇచ్చాను. స్వరూపకు ముప్పై నాలుగు. ఎర్రసిరా కొట్టివేతల మీద మళ్ళీ రాసిన అంకెలు చూసింది. క్లాసు అయ్యాక అందరినీ పోనిచ్చి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"టీచర్, ఒకటి అడుగుత. కోపం చెయ్యరు గద?"

"అడుగు."

"మేం ఫెయిలైతేనే మీకు మంచిగుంటదా?"

ఈ పిల్లకు ఎంత తెలుసో నాకు తెలియదు. గనిలో అందరికీ అందరి సంగతీ తెలుసు.

"తెలియదు," అన్నాను. అది నిజం.

ఆమె కదల్లేదు. "మా చిన్నప్పుడు ఆ ముందుబడి పరీక్ష నేను గూడ రాసిన. రాలేదు. ఇంటికొచ్చి మస్తు ఏడ్చిన. కప్పు కూలినంక మా అమ్మ నన్ను పట్టుకొని, రాకపోవుడే మంచిగైంది అన్నది. గప్పటిసంది ఎవరన్న నువ్వు తెలివిగలదానివి అంటే నాకు భయమైతది టీచర్."

ఆమె కాగితం మళ్ళీ తీసుకుని చూశాను. "ఏడో లెక్కల ఆ మెట్టు రాస్తే మంచిది. గాలి విభాగంల వేరేవాళ్ళు చూసి పోల్చుకోవాలె గద," అన్నాను.

"సరే టీచర్," అని వెళ్ళిపోయింది.

వారం 19

సెలవు. దీపం గంటకు వెళ్ళలేదు. వారానికి రెండు గంటలైనా ఆ పెద్ద దీపాల కింద కూర్చోకపోతే ఎముకలు గుల్లబారతాయని నర్సమ్మ మందలించి పోయింది.

వారం 30

ఏడాది పరీక్ష ఫలితాలు వచ్చాయి. పద్నాలుగు మందిలో పదకొండు మంది నెగ్గారు. పాత బ్యాచిల్లో ఒక ఏడు పది మంది, ఒక ఏడు పన్నెండు మంది, చాలాసార్లు పదకొండు మంది. ఈ బ్యాచి సగటు ముప్పై మూడు. పాతవాటి సగటూ ముప్పై మూడే. ఫ్యాన్ల లెక్కలో అందరికంటే ఎక్కువ మార్కులు స్వరూపవి.

రాయమల్లు సార్ కాగితం చూసి పక్కన పెట్టారు.

"ఒక్క బ్యాచితోని ఏం తెలుస్తది శశిరేఖా? వీళ్ళు అనుకోకుంట గట్టి పిల్లలై ఉండొచ్చు."

"నిజమే సార్. అందుకే పాతవి గూడ చూస్త."

ఆయన సరే అన్నారు.

వారం 31

పదకొండు బ్యాచిల రిజిస్టర్లూ తీశాను. ముందుబడి నుంచి వచ్చినవాళ్ళను ఒక పక్క, మామూలు బడి నుంచి వచ్చినవాళ్ళను ఒక పక్క రాశాను. మొత్తం నూట యాభై నాలుగు పేర్లు. నాలుగు రోజులు పట్టింది.

మొదటి పరీక్షలో ముందుబడి పిల్లల సగటు ముప్పై నాలుగు. మామూలు బడి పిల్లలది ఇరవై. పన్నెండో వారానికి తేడా రెండు మార్కులు. ఏడాది చివరికి అర మార్కు. ప్రతి ఏడూ అంతే.

ముందుబడి పిల్లలు ఆనర్స్‌కు ఎక్కువగా వచ్చేవారన్నది నిజమే. ఎందుకంటే ఆనర్స్‌కు ఎంపిక చేసేటప్పుడు ముందుబడిలో చదివావా అని మేమే అడిగేవాళ్ళం. చదివానంటే తీసుకునేవాళ్ళం. వచ్చాక నిలబడటానికి మాత్రం ఆ చదువు వల్ల ఒరిగింది మొదటి పది, పన్నెండు వారాల సుఖం.

ఈ రిజిస్టర్లు నా బీరువాలోనే ఉన్నాయి. మొదటి రెండు పుస్తకాలు హేమంత్ కోసం నేను ఆఫీసుకు తిరిగినప్పుడు కూడా అక్కడే ఉన్నాయి. కూడి చూడటానికి ఒక పూట చాలు. ఎవరూ చూడమనలేదు. నాకూ చూడాలని తోచలేదు.

అన్నం వండాను. తిన్నాను. గిన్నెలు కడిగాను.

వారం 34

సభ జరిగింది. మూడో గ్యాలరీ హాలులో మూడు వందల మంది దాకా వచ్చారు. నా నివేదిక చదివాను. చివరి పేరా ఇది:

"ఆనర్స్‌లో నెగ్గడానికి ముందుబడి అవసరమని చూపే ఆధారం నా రిజిస్టర్లలో లేదు. మొదట్లో ఉండే తేడా పన్నెండో వారానికి దాదాపు పోతున్నది. ఆనర్స్‌కు ముందు పది వారాల తయారీ క్లాసు, కోరినవాళ్ళందరికీ పెడితే చాలునని నా అభిప్రాయం. ముందుబడి పిల్లలు వేరే ఏ మేలు పొందారో ఈ లెక్కలు చెప్పలేవు."

ఓదెలన్న మొదటి వరసలో ఉన్నాడు. చదువుతున్నంతసేపూ నా వైపే చూశాడు. పూర్తయ్యాక లేచి బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాత సభ సభ్యులు పదకొండు మందితో చేతులెత్తించారు. ముందుబడి తెరవాలని ఏడుగురు, వద్దని నలుగురు. తెరుస్తారు. ఇప్పటికే ముప్పై ఒక్క దరఖాస్తులు వచ్చాయట. అడిగిన తల్లిదండ్రులకు ఏం చెప్పమంటావని సభ పెద్ద నన్నే అడిగాడు. నివేదిక చదవమనండి అన్నాను. దాన్ని ఫైల్లో పెడతామన్నాడు. పది వారాల తయారీ క్లాసు కూడా పెడతారు. అది నేనే చెప్పాలి.

ఇంటికి వస్తుంటే లింగమూర్తి నా పక్కన నడిచాడు. రెండో గాలి తలుపు దగ్గర అది తెరుచుకోవడానికి నిలబడాల్సి వచ్చింది. అప్పుడు అడిగాను.

"అప్పుడు నువ్వు వద్దన్నవు. ఎందుకు వద్దన్నవ్?"

ఆయన తలుపు వైపే చూస్తున్నాడు. "దూరమని. ఎనిమిదేండ్ల పిలగాడు అంత దూరం నడవలేడని. చదువు సంగతి నాకేం ఎరుక?"

"గంతేనా?"

"గంతే. కప్పు కూలుతదని నాకు ముందే తెలుసని అనుకున్నవా ఇన్నేండ్లు?"

అవును, అలాగే అనుకున్నాను. ఆయనకు తెలిసిందేదో నాకు తెలియలేదని, అందుకే ఆయన నోరెత్తడం లేదని అనుకున్నాను. ఆ మాటే చెప్పాను.

"ఆ మాట నేనెత్తితే నువ్వు కూలబడతవని ఊకున్న," అన్నాడు.

తలుపు తెరుచుకుంది. లోపలికి నడిచాం.

వారం 35

సాయంత్రం షిఫ్టు సైరన్ మోగిన కాసేపటికి ఓదెలన్న మా ఇంటికి వచ్చాడు. సభ రోజు నుంచి ఆయన నాకు కనబడలేదు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. తిడితే విందామని కుర్చీ వేశాను. ఈసారి కూర్చున్నాడు.

"తలుపు మీద పేర్లు రాస్తరట," అన్నాడు.

"విన్నన్నా."

"రాయనీ." అరచేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. "నువ్వు చదివింది ఇంటికి పోయి మస్తు ఆలోచన చేసిన టీచరమ్మా. పెద్దగైనంక దేనికి పనికొస్తదో దాని కోసమే పంపినం మనం. అది లేదని తేలింది. సరే. మరి కప్పు కూలిన ఆ పొద్దు పొద్దుగాల మా బిడ్డ ఏం నేర్చుకుంటున్నదో నాకు ఎరుక లేదు. తొమ్మిదేండ్లాయె, ఒక్కనాడు అడగలే. నీకు ఎరుకనా?"

"ఎరుకే."

ఎవరినీ అడిగి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. ఆ పొద్దున హేమంత్ త్రిభుజాల పాఠానికి అట్టముక్క కావాలని మారాం చేస్తే, పాత గేటు పాసు ఒకటి వెతికి నేనే ఇచ్చాను.

"నాకు చెప్పు అది," అన్నాడు ఓదెలన్న.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నేను ఏడు దాకనే చదివిన. అయినా చెప్పు."

పాత పాసులు నాలుగు తెచ్చాను, కత్తెర తెచ్చాను. మూడు మూలల బొమ్మ ఏదైనా సరే కోయమన్నాను. ఆయన దిమ్మెలు చెక్కే మనిషి కాబట్టి ఒక్క కోతలో తిన్నగా కోశాడు. మూడు మూలలనూ చింపమన్నాను. చింపాడు. మూడు ముక్కల మొనలను ఒకే చోట ఆనించి, ఒకదాని పక్కన ఒకటి పేర్చమన్నాను.

లావుపాటి వేళ్ళతో మెల్లగా పేర్చాడు. మూడోది పెట్టేసరికి కింది అంచు గీత గీసినట్టు తిన్నగా వచ్చింది.

"సక్కగ అయింది," అన్నాడు.

"ఇంకోటి కోయన్నా. ఎట్లనన్న కోయి."

ఈసారి కావాలని వంకరగా, ఒక మూల సూదిలా, ఒక మూల వెడల్పుగా కోశాడు. చింపి పేర్చాడు. తిన్నగానే వచ్చింది. నా ముఖం చూశాడు. మూడోది సన్నగా, పొడుగ్గా, కత్తి మొనలా కోశాడు. అదీ తిన్నగానే వచ్చింది.

"ఏది కోసినా ఇంతేనా?"

"ఏది కోసినా ఇంతే."

"పైన కోసినా? కింద కోసినా?"

"ఏడ కోసినా."

అరగంట కూడా కాలేదు. ఆయన ముక్కల మీదికి వంగాడు. చూపుడువేలితో తిన్నని అంచు మీద ఇటునుంచి అటు నిమిరాడు.

"మంచిగున్నది ఇది," అన్నాడు. "మా సుజనకు మంచిగనిపించే ఉంటది."

"అనిపించే ఉంటదన్నా. అందరికీ అనిపిస్తది."

లింగమూర్తి షిఫ్టు దిగి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. బల్ల మీద ముక్కలు చూశాడు, ఓదెలన్నను చూశాడు, నన్ను చూశాడు. స్టూలు లాక్కుని కూర్చుని, "నాకొక్క అట్ట ఇయ్యి," అన్నాడు.

ఒక్కటే మిగిలింది. రెండు ముక్కలు చేసి ఒకటి ఆయనకిచ్చాను. ఇంకోటి నేను తీసుకున్నాను. ఎన్నో ఏళ్ళుగా ఈ పాఠం నాకు తెలుసు గాని, నా చేత్తో ఎప్పుడూ చింపలేదు. రెండు మూలలు పెట్టాను. మూడోది పెట్టబోతే మొదటి రెండూ పక్కకు జరిగాయి. ముక్క జారి కింద పడింది. తీసి పెడితే మళ్ళీ జారింది.

ఓదెలన్న చెయ్యి చాపి, మిగతా రెండు ముక్కలూ కదలకుండా వేలితో నొక్కి పట్టుకున్నాడు.

"పెట్టమ్మా," అన్నాడు. "నేను పట్టుకున్న."